చెరువు గట్టున దొరికింది ఎవరిది?

వేసవిలో శామీర్‌పేట పెద్దచెరువు నీళ్ళు వెనక్కి తగ్గాక బయటపడే నేలలో ఏరుకోడానికి చాలానే ఉంటాయి. నెర్రెలు విచ్చిన ఒండ్రు మీద తెల్లబడిన నత్తగుల్లలు, తెగిపోయిన వల ముక్కలు, గులాబి చారలున్న రాతి పలుకులు, పలుగురాళ్ళు, వాటి నడుమ పగిలిన సీసాల పెంకులు. రాజీవ్ రహదారి మీద పోతూ కాసేపు ఆగే కుటుంబాల్లో పిల్లలు ముందు చేసే పని వంగి ఏదో ఒకటి చేతికి తీసుకోవడం. "పారెయ్, మనది కాదు" అనే తల్లి ఉంటుంది. "పోనీలే, సర్కారు జాగే కదా, ఎవరడుగుతారు" అనే తండ్రి ఉంటాడు. చెరువుకు దగ్గర్లోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అయినా ఈ చిన్న తగువుకు చట్టంలో జవాబు ఉంటుందని మనలో చాలామందికి తోచదు. జవాబు ఉంది. అయితే అన్ని వస్తువులకూ అది ఒకటే కాదు.

విశాఖ వెళ్ళివచ్చినవాళ్ళ ఇళ్ళల్లో అప్పుడప్పుడు సముద్రపు గాజు కనిపిస్తుంది. సముద్రంలో పడిన సీసా పెంకు దశాబ్దాల తరబడి అలల్లో, ఇసుకలో దొర్లి దొర్లి అంచులు అరిగిపోయి, ఉప్పునీటికి పైపొర మసకబారి, కలకండ పలుకులా తయారవుతుంది. మన చెరువుకు ఆ అలల తాకిడి లేదు. అందుకే ఇక్కడి గాజు ఏళ్ళు గడిచినా పాదం కోసేంత పదునుగానే ఉంటుంది. ఎంత అందంగా ఉన్నా, ఎంత పదునుగా ఉన్నా చట్టానికి తేడా లేదు. అది ముందు చూసేది చేతిలోని వస్తువును కాదు, కాళ్ళ కింది నేలను.

"సర్కారు జాగ అంటే అందరిదీ" అన్న మాటలో సగమే నిజం. తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలం నుంచి వస్తున్న భూమి రెవెన్యూ చట్టం ఒకటుంది. 1317 ఫసలీ నాటిది, అంటే 1907–08. దాని 24వ సెక్షన్ ప్రకారం బాటలు, వాగులు, చెరువులు, కుంటలు, ఎవరి సొంతమూ కాని భూములన్నీ ప్రభుత్వానివి. మరి ప్రభుత్వం వాటిని సొంత ఆస్తిలా వాడుకోవచ్చా? కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన తెలుగు నేల మీది చెరువుల కేసులోనే. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ళ కోసం కేటాయించడాన్ని ఒక పౌర సంస్థ సవాలు చేసింది. 2006లో ఇచ్చిన తీర్పులో కోర్టు, ఇలాంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అంది. ధర్మకర్త అమ్ముకోకూడదు, పాడుచేయకూడదు. మనం కూడా ఎవరికి తోచింది వాళ్ళం మోసుకుపోకూడదు. అందరిదీ అయినదాన్ని అందరి తరఫునా కాపలా కాసేవాడు ఒకడున్నాడు. ఏ నేలకు ఏ కాపలాదారు అన్నది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ఈ నేలలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, చిక్కంతా అక్కడే. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. దాని లోపలి నేలను శిఖం అంటారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్ల దాకా బఫర్ జోన్. శిఖంలో కొంత భూమికి పట్టాలు కూడా ఉంటాయి. నీళ్ళు తగ్గినప్పుడు పట్టాదారు అక్కడ పంట వేసుకోవచ్చు, గోడ కట్టకూడదు. కాబట్టి ఎండాకాలం చెరువు మధ్యలో మనం నడిచే నేల ఒక రైతు పొలం కావచ్చు. కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖ చేతిలో ఉంటాయి. శామీర్‌పేటలోనే ఉన్న జవహర్ జింకల పార్కు అటవీ శాఖది. మేడ్చల్ వైపు కండ్లకోయ ఆక్సిజన్ పార్కు ఉన్నది రిజర్వు ఫారెస్టులో. నగరం నుంచి శామీర్‌పేట వచ్చే దారిలో హకీంపేట వైమానిక స్థావరం రక్షణ శాఖది, అక్కడ అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు. ఊరి ఉమ్మడి మేత భూములైన గైరాన్, బంచరాయిలకు తహసీల్దారు బాధ్యుడు. ఒకే గులకరాయి ఈ నేలల్లో ఒకచోట పట్టించుకోని విషయం, ఇంకోచోట నేరం.

అడవితో మొదలుపెడతాను. అన్నిటికన్నా కఠినమైన నేల అదే, మనవాళ్ళు అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేదీ అదే. 1967 నాటి అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తి ఏదీ సేకరించకూడదు. అటవీ ఉత్పత్తి అనగానే మనకు కలప గుర్తొస్తుంది. చట్టం దృష్టిలో అడవిలో ఉన్న ఆకు, పండు, తేనె మాత్రమే కాదు, రాయి, పైమట్టి కూడా అటవీ ఉత్పత్తే. పెరట్లో పూలకుండీకని గోనెసంచిలో ఎర్రమట్టి నింపుకున్నా, అక్వేరియం కోసం గుండ్రటి రాళ్ళు ఏరుకున్నా నిబంధన దాటినట్టే. సీతాఫలాల కాలంలో రోడ్డు పక్కన కారాపి కంచె దాటి కాయలు కోసుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బుట్ట పెట్టుకుని అమ్ముకునే ఊరివాళ్ళకు ఆ కాయలు జీవనాధారం. పక్షులకు, జంతువులకు తిండి. కారులో వచ్చినవాడికి అవి సరదా మాత్రమే. ఇక్కడ చట్టం కఠినంగా ఉండటమే న్యాయమని నా అభిప్రాయం.

ఇంకో కఠినమైన చట్టం వన్యప్రాణులది, 1972 నాటిది. జింకల పార్కు చుట్టుపక్కల రాలిన కొమ్ము దొరకడం వింతేమీ కాదు. మగ దుప్పి ఏటా కొమ్ములు రాల్చుకుంటుంది, మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. "చంపలేదు, రాలిందే తెచ్చుకున్నాం" అంటారు. ఆ జవాబు చెల్లదు. కొమ్ము, ఎముక, డిప్ప, గోరు, ఈక, గుడ్డు, గూడు అన్నీ చట్టంలో ట్రోఫీలే. 39వ సెక్షన్ ప్రకారం అవి ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, అధీకృత అటవీ అధికారి దగ్గరో చెప్పి అప్పగించాలి. ఇంట్లో గోడకు తగిలించుకుంటే కేసవుతుంది.

నెమలి ఈక దీనికి మినహాయింపు. మన గుళ్ళల్లో, దర్గాల్లో, పిల్లల పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న వస్తువు గనుక, నెమలి తోక ఈకలను దేశంలో ఉంచుకోడాన్ని, అమ్మడాన్ని చట్టం ఆంక్షల నుంచి తప్పించింది. విదేశాలకు పంపడం మాత్రం నిషిద్ధం. అయితే ఈక దానంతట అది రాలిందై ఉండాలి. ఈక మొదలు చూస్తే తేడా తెలుస్తుంది. సహజంగా రాలినదాని కాడ చివర శుభ్రంగా, ఎండిపోయి, గుండ్రంగా మూసుకుని ఉంటుంది. బతికున్న పక్షి నుంచి పీకినదానికి చివర నెత్తురు మరకో, కండ పోగో అంటుకుని ఉంటుంది. దర్యాప్తులో చూసేది ఆ అర అంగుళమే. నెమలి మాత్రం చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లోని పక్షి. దాన్ని ముట్టుకుంటే జైలే.

ఇప్పుడు రాళ్ళ సంగతి. మేడ్చల్ గుట్టల గ్రానైటు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. హైదరాబాద్ ఇళ్ళ పునాదుల్లోకి, రోడ్ల కింది కంకరలోకి పోతున్నది ఈ రాయే. 1957 నాటి గనుల చట్టం కట్టడపు రాయిని, కంకరను, మామూలు మట్టిని, మామూలు ఇసుకను చిన్న తరహా ఖనిజాల కింద పెట్టి, వాటి మీద నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. మన దగ్గర 1966 నియమాలు ఇప్పటికీ ఆధారం. అనుమతి తీసుకోవాలి, సీనరేజీ అనే ప్రభుత్వ రుసుము కట్టాలి, బండి మీద పర్మిట్ ఉండాలి. లేకపోతే బండిని పట్టుకుంటారు. నేరం రుజువైతే 5 ఏళ్ళ దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా. "నా పట్టా పొలంలోని మొరం, నేనమ్ముకుంటే ఎవరికేం" అనే రైతులున్నారు. అమ్మకానికి తవ్వితే పట్టా భూమిలోనైనా సీనరేజీ కట్టాల్సిందే. ఇక ప్రభుత్వ భూమిలోనిదైతే గనుల చట్టంతో పాటు దొంగతనం కేసు కూడా పెట్టవచ్చని నదుల ఇసుక విషయంలో సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. నేలకు అంటుకున్నంతవరకూ మట్టి దొంగతనానికి లొంగే వస్తువు కాదు. తవ్వి వేరుచేసిన క్షణం నుంచి అవుతుంది.

ఇదంతా చదివి పిల్లాడి జేబులోని గులకరాయికి భయపడనక్కర్లేదు. మామూలు బుద్ధి ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన నష్టం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 33వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్షాస్మృతిలో ఇదే 95వ సెక్షన్. చెరువు గట్టున ఒక రాయి తీసుకున్న పిల్లవాడికి ఈ సెక్షన్ చాలు. ట్రాక్టరుకు చాలదు. మధ్యలో, డిక్కీ నిండా రాళ్ళు వేసుకుపోయే పెద్దమనిషి సంగతి ఆ రాళ్ళు ఏ నేల మీదివి, ఎన్ని, దేనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చట్టం పేదవాడి చేతిపనిని బొత్తిగా మరిచిపోలేదు. 2016 జనవరిలో కేంద్రం ఖనిజాల తవ్వకానికి పర్యావరణ అనుమతులు ఎవరికి అక్కర్లేదో ఒక జాబితా ఇచ్చింది. ఆచారం ప్రకారం కుండలు, ప్రమిదలు, బొమ్మలు చేయడానికి చేత్తో మట్టి తీసుకునే కుమ్మరులు, పెంకులు చేసేవాళ్ళు, వరద మేటవేసిన ఇసుకను సొంత పొలంలోంచి ఎత్తిపోసుకునే రైతులు, గ్రామ పంచాయతీ పరిధిలో సొంత అవసరానికో ఊరి పనికో మట్టి తెచ్చుకునేవాళ్ళు అందులో ఉన్నారు. తెలంగాణలో 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు లెక్కతేలాయి. పూడిక మట్టిని రైతులు తమ ట్రాక్టర్లతో పొలాలకు తోలుకోవాలని ప్రభుత్వమే ప్రోత్సహించింది. అదే శిఖం, అదే ఒండ్రు. అధికారి గీత గీసి ఇక్కడి నుంచి ఇంత లోతు తీయమంటే చెరువుకూ మేలు, చేనుకూ మేలు. రాత్రిపూట జేసీబీ పెట్టి గుంతలు తీసి వెంచర్లకు అమ్మితే నేరం. ఆ గుంతల్లోనే తర్వాత ఈతకు దిగిన పిల్లలు మునిగిపోతారు. ఈ విషయంలో ఎవరి మొహమాటమూ అక్కర్లేదు.

మట్టిలోంచి మట్టి కానిది బయటపడితే? మేడ్చల్, శామీర్‌పేట నిండా విల్లాల పునాదులు లేస్తున్న కాలమిది. అదే జిల్లాలోని కీసరగుట్టలో తవ్వకాలు విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలను బయటపెట్టాయి. ఊళ్ళవాళ్ళు రాకాసి గూళ్ళు అని పిలిచే ఇనుప యుగపు సమాధులు తెలంగాణ అంతటా ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర వెంచరు కోసం నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న పాత్ర దొరికింది. అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు.

దీనికి వర్తించేది 1878 నాటి గుప్తనిధుల చట్టం. నేలలో దాచిపెట్టిన విలువైన వస్తువేదైనా నిధే. దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. నిధిని ట్రెజరీలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇస్తారు. 4 నెలలకు ముందు కాకుండా, 6 నెలలు దాటకుండా ఒక రోజు పెట్టి, హక్కు ఉన్నవాళ్ళను రమ్మంటారు. వందేళ్ళలోపు దాచినదని, దాచినవాళ్ళో వారసులో ఫలానా అని తేలితే అది వాళ్ళది. ఎవరూ తేలకపోతే, చాలామందికి తెలియని సంగతి ఇది, దొరికించుకున్నవాడికి భాగం ఉంది. నేల యజమాని వేరే అయి, ఇద్దరి మధ్యా ఒప్పందమేదీ లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవాడికి, ఒక వంతు నేల యజమానికి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే మాత్రం భాగం పోతుంది, ఏడాది దాకా జైలు, జరిమానా పడవచ్చు. వందేళ్ళు దాటిన విగ్రహాలు, నాణేల మీద 1972 నాటి పురావస్తు చట్టం కూడా నడుస్తుంది. కొన్ని రకాలను రిజిస్టరు చేయించాలి, దేశం దాటించకూడదు.

ఇంత పద్ధతిగా భాగమిచ్చే చట్టం ఉండగా మనవాళ్ళు గుప్తనిధుల పేరుతో అర్ధరాత్రి పాత గుళ్ళ గర్భాలయాలు తవ్వేస్తున్నారు. నంది విగ్రహాల పొట్టలు పగలగొడుతున్నారు. రాతిలో బంగారం ఉంటుందని ఎవడో చెప్పిన మాట నమ్మి, వెయ్యేళ్ళ శిల్పాన్ని ఒక్క రాత్రిలో ముక్కలు చేస్తున్నారు. పోయినది మళ్ళీ ఎవరూ చెక్కలేరు.

వజ్రాల కథ కొంచెం వేరు. తొలకరి పడగానే కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం తలవంచి రాళ్ళు వెతుకుతారు. వజ్రం మనిషి దాచింది కాదు. అది ఖనిజం, నిధి కాదు. అందుకే అక్కడ వచ్చే తగువులన్నీ పొలం ఎవరిది, ఏరినవాడి వాటా ఎంత, దళారి ఎంతకు కొన్నాడు అన్నవాటి చుట్టూ తిరుగుతాయి. బేరాలు గుట్టుగా జరుగుతాయి కనుక నష్టపోయేది ఎక్కువగా ఏరిన కూలీయే.

మళ్ళీ గాజు పెంకు దగ్గరికి. ఎవరో తాగి పగలగొట్టి పోయిన సీసాను దాని యజమాని వదిలేసినట్టే. ఎవరి స్వాధీనంలోనూ లేనిదాన్ని తీసుకుంటే దొంగతనం కాదు. దొరికిన వస్తువుకు యజమాని ఎవరో తెలిసినా, తెలుసుకునే వీలున్నా సొంతం చేసుకోవడం మాత్రం న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. బాట మీద దొరికిన రూపాయి, ఎవరిదో తెలియనిది, తీసుకుంటే నేరం కాదన్న ఉదాహరణ పాత శిక్షాస్మృతి నుంచీ ఉంది. ఉంగరమో ఫోనో దొరికితే దాన్ని జాగ్రత్తగా కాపాడాల్సిన బాధ్యత 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ మన మీద పెడుతుంది. నిమజ్జనం తర్వాత హుస్సేన్‌సాగర్‌లో విగ్రహాల ఇనుప చువ్వలు ఏరుకునేవాళ్ళను చూసే ఉంటారు. భక్తుడు వదిలేసిన వస్తువే అది. కానీ వ్యర్థాలు తీసే పని ప్రభుత్వ యంత్రాంగానిది, కాబట్టి అక్కడి సిబ్బంది మాట వినాల్సి ఉంటుంది.

గాజు విషయంలో చట్టం వేలెత్తి చూపేది ఏరినవాడిని కాదు, పారేసినవాడిని. నీటివనరుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త వేయకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు స్పష్టంగా చెప్పాయి. చెరువు గట్టున పెంకులు ఏరి సంచిలో వేసేవాళ్ళు చేపలు పట్టేవాళ్ళ పాదాలను, గొర్రెల గిట్టలను కాపాడుతున్నారు. చెప్పులు, మందపాటి చేతితొడుగులు ఉంటే నిశ్చింతగా ఏరండి.

సముద్రం దగ్గర అలా కాదు. భీమిలి, రుషికొండ తీరంలో అరిగిన గాజు ఏరుకోవడాన్ని పేరు పెట్టి నిషేధించిన చట్టం లేదు. కానీ తీర నియంత్రణ జోన్ నియమాలు ఇసుక, రాళ్ళ తవ్వకాన్ని నిషేధిస్తాయి. గాజుతో పాటు సంచిలోకి వచ్చేవాటితోనే ప్రమాదం. 2001లో నాటిలస్, జెయింట్ క్లామ్ వంటి రెండు డజన్ల శంఖ, గవ్వ జాతులను, పగడపు దిబ్బల పగడాలను వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడం ముక్కా అందులోదే. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ స్థలం. జ్ఞాపకంగా అయినా ఆ మట్టి తీయకూడదు.

కాలిఫోర్నియాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక ఒక మాట. ఫోర్ట్ బ్రాగ్ అనే ఊరు 1967 దాకా చెత్తను సముద్రంలోకి తోసేసింది. ఆ సీసాలే అరిగి గాజు తీరమైంది. 2002లో రాష్ట్రం ఆ నేల కొని స్టేట్ పార్కులో కలిపాక, అక్కడి గాజు తీసుకుపోకూడదని నిబంధన. ఒకనాటి చెత్త, నేల చేతులు మారగానే కాపాడాల్సిన వస్తువైంది.

శామీర్‌పేటలో అనుమానం వస్తే అడగడానికి మనుషులున్నారు. భూమి ఎవరిదన్నది తహసీల్దారు, చెరువు సంగతి నీటిపారుదల శాఖ ఏఈ, అడవి అయితే ఫారెస్ట్ రేంజ్ అధికారి, రాయి, మొరం అయితే గనుల శాఖ సహాయ సంచాలకుడు. చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) దగ్గర ఉంటాయి. ఎక్కడ శిఖం అయిపోయి ఎక్కడ అడవి మొదలవుతుందో, అక్కడ ఏది ఏరవచ్చో ఏది ఏరకూడదో ప్రతి చెరువు కట్ట మీదా తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టడం ఈ శాఖలకు పెద్ద ఖర్చేమీ కాదు. తెలియని చట్టంతో జనాన్ని భయపెట్టడం కన్నా అది ఎంతో మర్యాద. నోటిమాటకు జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. సర్వే నంబరు రాసి, ఆ భూమి ఏ శాఖ స్వాధీనంలో ఉందో, చెరువైతే ఎఫ్‌టీఎల్ పటం నకలు ఇవ్వమని అడిగితే చాలు.